గోడను గుట్ట అనుకున్న పిట్టలు

మీరేం ఉద్యోగం చేసేవారని ఎవరైనా అడిగితే "పిట్టల్ని తోలేదాన్ని" అని చెబుతాను. అడిగినవాళ్లు మొదట నవ్వుతారు. తర్వాత వేళాకోళం ఆడుతున్నానేమోనని నా మొహంలోకి చూస్తారు. నవ్వినవాళ్లలో మా అమ్మే మొదటిది. "జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివింది జొన్నచేను కాపలాకా?" అంది. చేను కాదమ్మా, విమానాశ్రయం అన్నాను. "అయితే అక్కడ మంచె ఉంటుందా?" అంది. మంచె లేదు, జీపు ఉంది. తేడా అంతే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఈమధ్య ఫోన్లు చేసి సలహాలు అడుగుతున్నారు. సలహాలివ్వడం నాకు చేతకాదు. ఇచ్చిన సలహా నేనే పాటించిన పాపాన పోలేదు. అందుకని ఒక గోడ కథ చెబుతాను, అందులో మీకు పనికొచ్చేది ఏమన్నా ఉంటే ఏరుకోండి.

విమానం లేచేటప్పుడో దిగేటప్పుడో పిట్ట ఇంజిన్లో పడితే పిట్టకే కాదు, లోపల కూర్చున్నవాళ్లకూ ముప్పే. అందుకే రన్‌వే చుట్టూ పిట్టలు చేరకుండా చూడటానికి మాలాంటి వాళ్లను పెట్టుకుంటారు. మా పనికి సూత్రం ఒకటే: పిట్టను తోలకు, దాని తిండిని తోలు. గడ్డి పొట్టిగా ఉంటే తీతువులు వస్తాయి, మరీ పొడుగైతే ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం గద్దలు వస్తాయి. వాన కురిసి గుంటల్లో నీళ్లు నిలిస్తే కొంగలు దిగుతాయి. కాబట్టి గడ్డి ఎంత ఎత్తున కొయ్యాలి, గుంట ఎక్కడ పూడ్చాలి, చుట్టుపక్కల ఊళ్లలో చికెన్ వ్యర్థాలు ఎవరు బయట పారేస్తున్నారు, ఇవే మా ఆలోచనలు. ఇవన్నీ నేలబారు పిట్టల సంగతులు. వాటిలో నాకు తెలియనిది లేదని ఒక ధీమా ఉండేది. ఆ ధీమా దిగింది రన్‌వే మీద కాదు, ఒక గోడ కింద.

రన్‌వే జీపు నడిపిన మనిషిని మేమంతా భాయ్ అనేవాళ్లం. శంషాబాద్ పాత బస్తీలో ఇల్లు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. జీపు దిగి గడ్డిలో పరుగెత్తి టపాకాయ పేల్చడం ఆయన పని, అది ఆయనకు పండగ. కొంగల గుంపు ఒక్కసారిగా లేచిపోతే "ఖుదా హాఫిజ్, మళ్ల రాకుండ్రి!" అని చెయ్యి ఊపి సాగనంపేవాడు. ఒక వానాకాలం బురదలో కాలు జారి మోకాలు చెడింది. ఆపరేషన్ అయ్యాక నడక వచ్చిందిగానీ పరుగు రాలేదు. పరుగెత్తలేనివాణ్ణి రన్‌వే మీద ఉంచకూడదని నిబంధన. అప్పుడు ఆయనకోసం వెతికి వెతికి ఒక చోటు దొరకబుచ్చుకున్నాం. విమానాశ్రయం పక్కన ఒక ప్రైవేటు సంస్థవాళ్ల మరమ్మతు షెడ్డు ఉంది. అక్కడ కూడా పిట్టల్ని చూసుకునే మనిషి ఒకరు కావాలి. కూర్చుని, నిలబడి చేసుకునే పని. భాయ్‌ను అక్కడ పెట్టాం. అది తప్ప ఆయన మోకాలికి సరిపడే చోటు మా విభాగంలో ఇంకొకటి లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఆ షెడ్డు గురించి చెప్పాలి. రెండు పెద్ద విమానాలు పక్కపక్కన పట్టేంత ఉంటుంది. తూర్పువైపు ఎత్తైన కాంక్రీటు గోడ, పైన ముందుకు పొడుచుకొచ్చిన సజ్జ, సజ్జ కింద దూలాలు. ఒక మాఘమాసంలో ఆ సజ్జ కింద పిట్టలు చేరాయి. పిచ్చుకంత పిట్ట, ఒళ్లంతా పొగచూరిన మట్టి రంగు, రెక్కలు మాత్రం పొడుగు. తోక విప్పితే అంచున తెల్లటి చుక్కలు వరుసగా కనిపిస్తాయి. నేల మీద వాలదు. గోడ పక్కనే పైకీ కిందికీ, అటూ ఇటూ ఎగురుతూ గాల్లోనే పురుగుల్ని పట్టి తింటుంది. సజ్జ కింద మట్టితో సగం గిన్నెలాంటి గూడు కడుతుంది. పుస్తకాల్లో దీన్ని రాతి కొండల పిట్ట అని రాశారు. దీని దగ్గరి బంధువులు హిమాలయాల్లో ఎత్తున ఉంటాయి, చలికాలం కిందికి దిగివస్తాయి. మనది ఎక్కడికీ పోదు. ఏ గుట్ట మీద పుట్టిందో ఆ గుట్ట చుట్టూనే తిరుగుతుంది. మేం దాన్ని గుట్టపిట్ట అనేవాళ్లం.

గుట్టపిట్ట గోడ మీద గూడు కడితే ఏం కొంప మునిగింది అని మీరడగొచ్చు. ఆ గోడ పక్కనే విమానాలు విప్పి పెడతారు. విమానం ముక్కు దగ్గర వేలు దూరనంత సన్నటి గొట్టాలుంటాయి. విమానం ఎంత వేగంగా పోతోందో వాటిలో దూరే గాలిని బట్టే తెలుస్తుంది. వాటిలో మట్టి పెళ్ల పడి గట్టిపడితే పైలట్‌కు వేగం తప్పుగా కనిపిస్తుంది. కాబట్టి అది నవ్వుకునే సంగతి కాదు.

షెడ్డు మేనేజర్‌గారు గోదావరి జిల్లా మనిషి. మర్యాద ఎక్కువ, ఓపిక తక్కువ. నన్ను పిలిపించి కాఫీ ఇచ్చి మరీ చెప్పారు.

"చూడండి మేడమ్‌గారూ, వచ్చే నెల విదేశీ విమాన సంస్థవాళ్లు తనిఖీకి వస్తున్నారండి. వాళ్ల విమానాలు మనకివ్వాలా వద్దా అన్నది ఆ రోజే తేలిపోతుంది. ఆ వేళకి గోడ మీద పిట్ట ఉందనుకోండి, నాకు మీ మనిషి అక్కర్లేదు. బయట ఏజెన్సీ ఒకటి చూసుకుంటాం."

మీ మనిషి అంటే భాయ్. అక్కర్లేదు అంటే ఇంటికి అని అర్థం. కాఫీ బాగుంది గానీ సగంలోనే వదిలేసి లేచాను.

ఇక మా విద్యలన్నీ బయటికి తీశాం. ముందు టపాకాయలు. రన్‌వే మీద వందల కొంగల్ని లేపిన చప్పుడుకి గుట్టపిట్టలు తల కూడా తిప్పలేదు. నేను తెల్లబోతే భాయ్ నవ్వాడు.

"గివి క్వారీ దగ్గర పుట్టిన పిట్టలు మేడమ్. దినాం బ్లాస్టింగులు ఇన్నయ్. మన పటాకా ఇంటే ఎవరికో దగ్గొచ్చింది అనుకుంటయ్."

తర్వాత డేగ బొమ్మ. నల్లగుడ్డతో రెక్కలు కుట్టి గాలిపటంలా గోడ ముందు వేలాడదీశాం. తీతువులైతే దాన్ని చూసి పక్క ఊరికి పోతాయి. గుట్టపిట్టలు మొదటి పూట గోల గోల చేసి బొమ్మ మీదికి దూకాయి. రాతి కొండ మీద నిజం డేగలతో కాపురం చేసిన జాతి అది. రెండో పూటకి బొమ్మ కట్టిన తాడు మీద వరసగా కూర్చుని ఈకలు దువ్వుకుంటున్నాయి. మెరిసే రిబ్బన్లు కట్టాం, గాలికి చిరిగి మాకే చుట్టుకున్నాయి. వల కడితే ఒక పిట్ట కాలు ఇరుక్కుంది. భాయ్ నిచ్చెన ఎక్కలేక కింద నిలబడి "జర మెల్లగ, జర మెల్లగ" అని అరుస్తుంటే వేరేవాళ్లు ఎక్కి విడిపించారు. ఆ పూటే వల తీయించేశాను.

మిగిలింది నీళ్లు. రోజూ పొద్దున గోడ మీది మట్టినంతా ప్రెషర్ పైపుతో కడిగెయ్యాలని మేనేజర్‌గారి హుకుం. ఆ పైపు పట్టుకునేది పక్క ఊరు మంఖాల్ నుంచి వచ్చే ఒకావిడ. సన్నటి మనిషి, పైపు పడితే మాత్రం సైన్యాన్ని తోలినట్టు తోలేది. ఆమె కడిగి పోతుంది, సాయంత్రానికి సజ్జ కింద మళ్లీ తడి మట్టి చుక్కల వరస. మళ్లీ కడుగుతుంది, మళ్లీ కడతాయి. పైగా రోజురోజుకీ ఎక్కువ కడుతున్నాయి.

"ఏంది మేడమ్ గిది! నేను కడుగుడు, అవి కట్టుడు. వాటికన్న సిగ్గుండాలె, నాకన్న ఉండాలె" అని ఆమె విసుక్కునేది.

నాకు కోపం రావాల్సింది. వచ్చింది కూడా, కానీ కోపం కంటే కుతూహలం ముందు నడిచింది. గుట్ట మీద ఉండాల్సిన పిట్టకి ఈ గోడలో ఏం నచ్చింది? ఒక ఆదివారం భాయ్‌ని బండి మీద ఎక్కించుకుని పాల్మాకుల అవతల సగం తవ్వేసిన ఒక గుట్ట దగ్గరికి పోయాను. మావాళ్లు సెలవు రోజు సినిమాకి పోదామంటే నేను రాళ్లు చూడటానికి పోయానని ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు.

మిగిలిన సగం గుట్ట మీద పిట్టలు ఇంకా ఉన్నాయి. సాయంత్రం దాకా కూర్చుని చూశాం. బండ పైనుంచి ముందుకు వాలిన చోటే గూడు కడుతున్నాయి, వాన జల్లు తగలకుండా. మధ్యాహ్నం దాటాక ఎండ పడని ముఖమే ఎంచుకుంటున్నాయి, పిల్లలు మాడిపోకుండా. ఎండకు కాగిన బండ నుంచి వేడిగాలి పైకి లేస్తుంది. ఆ గాలితోపాటు పురుగులు లేస్తాయి. పిట్ట ఆ గాలి మీదే రెక్క ఆడించకుండా తేలుతూ బండను ఆనుకుని పోతూ నోరు తెరిస్తే చాలు. నేను భాయ్ వైపు చూశాను, భాయ్ నా వైపు చూశాడు.

"మన గోడ గిట్లనే ఉంటది కద మేడమ్" అన్నాడు.

అవును. తూర్పు ముఖం, పైన సజ్జ, కాగే కాంక్రీటు. పైగా సందెవేళ వెలిగే పెద్ద లైట్లకు గుట్ట మీద దొరకనన్ని పురుగులు. పక్కనే ఉన్న రేకుల గోడను అవి ముట్టలేదు. రేకు నున్నగా ఉంటుంది, మట్టి నిలవదు, పెనంలా కాలుతుంది. మనం విమానాల కోసం కట్టుకున్న షెడ్డులో అవి వాటి గుట్టను వెతుక్కుని, పనికిరానిది వదిలేసి, పనికొచ్చేది తీసుకున్నాయి. నాకు ముచ్చటేసింది. ముచ్చట వేసినంత మాత్రాన భాయ్ ఉద్యోగం నిలవదు కదా. బండి ఎక్కుతుంటే గుట్ట అడుగున ఒక చెలమ కనిపించింది. బండల సందు నుంచి ఊరిన నీళ్లు, చుట్టూ తడి మట్టి. చల్లగా ఉందని కాళ్లు కడుక్కుని వచ్చేశాను. జవాబు అక్కడే నా కాళ్ల కింద ఉంది. చూడలేదు.

వారాలకొద్దీ తలెత్తి సజ్జ వైపు చూసి చూసి నా మెడ పట్టేసింది. ఒకరోజు పొద్దున తల అసలు పైకి లేవలేదు. డాక్టరు మెడకు పట్టీ వేసి, కొన్నాళ్లు పైకి చూడొద్దన్నాడు. పిట్టలు చూసేదాన్ని పైకి చూడొద్దంటే ఎలా? సెలవు పెట్టమన్నారు, పెట్టలేదు. షెడ్డుకి పోయి, భాయ్ వేసిన కుర్చీలో గోడకు ఎదురుగా కూర్చుని, గత్యంతరం లేక నేలను చూస్తున్నాను. మంఖాల్ ఆవిడ కడగడం ముగించి పైపు చుట్టుకుని పోయింది. గోడ కింద కంకర పక్కన నీళ్లు నిలిచి మట్టి మెత్తబడి ఉంది. కాసేపటికి నా కళ్లముందు ఒక గుట్టపిట్ట నేల మీద వాలింది.

నేల మీద వాలని పిట్ట! పొట్టి కాళ్లతో రెండడుగులు తడబడుతూ వేసి, ముక్కుతో ఒక ముద్ద బురద తీసుకుని, పైకి లేచింది. వెనకాలే ఇంకొకటి. తర్వాత ఒక గుంపు. ఫిబ్రవరి ఎండలు, చుట్టూ ఎక్కడా చుక్క నీరు లేదు, చెరువులు అడుగంటాయి. మేం మాత్రం రోజూ పొద్దున్నే, వేళ తప్పకుండా, వాటి గూడు కింద వాటికి కావలసినంత బురద కలిపి పెడుతున్నాం. కిందటి రోజు కడిగేసిన మట్టే ఆ బురదలో కలిసి మళ్లీ పైకి పోతోంది. పిట్టను తోలకు, దాని తిండిని తోలు అని అందరికీ పాఠం చెప్పేదాన్ని. తిండి గురించే ఆలోచించాను గానీ, ఇల్లు కట్టుకునే పిట్టకు మేస్త్రీ సామాను కావాలని తట్టలేదు. అంతమందిమి ఉండి ఒక్కరమూ కిందికి చూడలేదు. మా ఉద్యోగమే పైకి చూసే ఉద్యోగం మరి.

భాయ్‌ని పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు నవ్వాడు, కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వాడు. మంఖాల్ ఆవిడకు చెబితే నవ్వలేదు.

"అంటే గిన్ని దినాలు నేను వాటికి కూలి చేసిన్నా?" అంది.

చెయ్యాల్సింది తెలిసింది. కడగడం ఆపాలి. కానీ కడగడం ఆపితే ఇప్పటికే ఉన్న మట్టి చారలు, రెట్టలు గోడ మీద అలాగే ఉంటాయి. తనిఖీ దగ్గర పడుతోంది. మేనేజర్‌గారి దగ్గరికి పోతే ఆయన మొహం ఎర్రబడింది.

"గోడ మురిగ్గా ఉంచితే పిట్టలు పోతాయంటారా? ఎక్కడైనా ఉందాండీ ఇలాంటిది? పోకపోతే ఎవరిది పూచీ?"

నేను నోరు తెరిచేలోపు భాయ్ అన్నాడు. "నాది సార్. పోకుంటే నన్ను తీసెయ్యుండ్రి."

బయటికి వచ్చాక ఆయన్ను కసిరాను. పూచీ పడాల్సింది నేను, నీకెందుకంత తొందర అని. ఆయన తాపీగా మోకాలు రుద్దుకుంటూ అన్నాడు.

"ఎట్లైన పోయే నౌకరే కద మేడమ్. కడిగినా పోతది, కడగకున్నా పోతది. కడగకుంటే జర ఉమ్మీద్ అన్న ఉంటది, జర ఆశ."

పైపు బంద్ అయింది. కానీ అంతటితో సరిపోదని నాకు తెలుసు. గూడు కట్టే కాలం వచ్చిన పిట్టకు ఎక్కడో ఒకచోట కట్టుకోవాలి. షెడ్డు వెనక, విమానాలు తిరిగే దారికి దూరంగా, వాడకం మానేసిన పంప్‌హౌస్ ఒకటి ఉంది. దానికీ గరుకు కాంక్రీటు గోడ, ముందుకు వచ్చిన సజ్జ. రన్‌వే వైపు కాదు గనుక మాకు ఇబ్బంది లేదు. దాని ముందు చిన్న గుంట తవ్వి భాయ్ రోజూ నీళ్లు పోసి బురద చేసేట్టు ఏర్పాటు చేశాం. పిట్టలు ఆ బురద దగ్గరికి సంతోషంగా వచ్చాయి. ముక్కున పట్టుకుని సంతోషంగా షెడ్డు గోడకే పట్టుకుపోయాయి. నేను తల పట్టుకున్నాను, మెడ పట్టీ వల్ల అదీ సరిగ్గా కుదరలేదు.

అప్పుడు షెడ్డులో పనికిరాక పడి ఉన్న నున్నటి ప్లాస్టిక్ పలకలు గుర్తొచ్చాయి. సజ్జా గోడా కలిసే మూల పొడవునా వాటిని ఏటవాలుగా బిగించాం. మట్టి అంటించిన ప్రతిసారీ జారి కింద పడేది. పిట్టలు మొండివి. రెండు మూడు రోజులు జారిన చోటే మళ్లీ మళ్లీ అంటించాయి. భాయ్ కుర్చీ వేసుకుని కూర్చుని వాటితో మాట్లాడేవాడు. "అక్కడ ఇల్లు కిరాయికి లేదు. ఎనక్కి పోయి చూడుండ్రి" అనేవాడు. ఒక పొద్దున పంప్‌హౌస్ సజ్జ కింద తడి మట్టి చుక్క ఒకటి కనిపించింది. పక్కరోజు గుప్పెడు. ఆ వారమంతా మంఖాల్ ఆవిడ పని మధ్యలో పరుగెత్తుకెళ్లి చూసొచ్చి, ఎన్ని గూళ్లయ్యాయో అందరికీ చెప్పేది. ఇంతకుముందు తిట్టింది కూడా ఆవిడే.

తనిఖీ రోజు రానే వచ్చింది. ముందురోజు ఒకేఒక్కసారి గోడ కడిగించి, కింద నేలను వెంటనే ఆరబెట్టించాం. తెల్లగా మెరిసిపోతోంది. మేనేజర్‌గారు కొత్త టై కట్టుకుని వచ్చారు. అతిథులు ఇంకా గేటు దాటలేదు. అప్పుడు భాయ్ నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు.

"మేడమ్, పైకి చూడకుండ్రి. వాన పైపు ఎనక ఒకటి మిగిలింది."

చూడకుండా ఎలా ఉంటాను? వాననీళ్లు దిగే లావుపాటి గొట్టం వెనక, పైపు నీళ్లు చేరని సందులో, పూర్తయిన గూడు. అంచున తల్లి కూర్చుని ఉంది. మేం కడగడం మొదలుపెట్టక ముందే కట్టి ఉంటుంది. లోపల గుడ్లో, పిల్లలో. మేనేజర్‌గారు కూడా చూశారు.

"తీయించండి. ఇప్పుడే తీయించండి మేడమ్‌గారూ. అంతా చేసి చివరికి ఇదేమిటండీ!"

మంఖాల్ ఆవిడ పైపు చేతిలోకి తీసుకుంది, కానీ నల్లా తిప్పలేదు. నా మొహం చూసింది. ఒకవైపు భాయ్ కూడు, ఇంకోవైపు ఆ పిట్ట గూడు. ఇరవై ఏళ్లుగా గుడ్లున్న గూడు ముట్టొద్దని అందరికీ చెబుతూ వచ్చినదాన్ని. తీయమని అనడానికి నోరు రాలేదు, వద్దనడానికి ధైర్యం రాలేదు.

"ఆగుండ్రి సార్" అన్నాడు భాయ్. "మా గల్లీల ఓ పాత మసీదుంది. దాని కమాను కింద గిసువంటి పిట్టలే ఉంటయ్. నమాజు చేసేటోళ్ల మీద రెట్టలు పడొద్దని గూడు కింద చెక్క కొడతరు. పిట్ట పిట్టే, నమాజు నమాజే."

ప్యాకింగ్ పెట్టె పలక ఒకటి తెచ్చాడు. దాన్ని ఊరికే పెడితే ఊడి విమానం మీద పడితే అదొక ప్రమాదం. అందుకని మరమ్మతు కుర్రాళ్లచేత గూడు కింద నాలుగు వైపులా ఇనుప తీగతో బిగించి, లాగి చూపించమన్నాను. ఊగలేదు. విమానాన్ని ఆ గొట్టానికి దూరంగా జరిపి నిలబెట్టించాను. చేతులు దులుపుకునేలోపు కార్లు వచ్చాయి.

అతిథుల్లో పెద్దాయన గోడనంతా పరీక్షగా చూసుకుంటూ వచ్చి గొట్టం దగ్గర ఆగాడు. ఆ పలక ఏమిటని అడిగాడు. మేనేజర్‌గారు నా వైపు చూశారు. మీరే అనుభవించండి అన్నట్టుంది ఆ చూపు. దాచడానికి ఏముందని మొత్తం చెప్పాను. గుట్ట, గోడ, మేమే రోజూ కలిపి పెట్టిన బురద, పంప్‌హౌస్, మిగిలిన గూడు, పిల్లలు ఎగిరిపోయాక అదీ తీసి అక్కడా ప్లాస్టిక్ పలక బిగిస్తామన్న సంగతి. ఆయన పంప్‌హౌస్ చూపించమన్నాడు. అక్కడ సజ్జ కింద వరసగా గూళ్లు, ముందు భాయ్ తవ్విన గుంట, దాని చుట్టూ దిగుతూ లేస్తూ పిట్టలు. ఆయన చాలాసేపు చూశాడు. "మా షెడ్డులో పిట్టలు లేవని చెప్పినవాళ్లను చాలామందిని చూశాను, అవి ఎక్కడున్నాయో చూపించినవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను" అన్నాడు. విమానాలు మనకే వచ్చాయి. ఆ మధ్యాహ్నం మేనేజర్‌గారు అందరికీ బిర్యానీ తెప్పించారు. భాయ్ రెండుసార్లు వడ్డించుకున్నాడు.

కథ ఇక్కడ అయిపోవాలి. కాలేదు. పదిహేను రోజులు తిరక్కముందే మేనేజర్‌గారు మళ్లీ కాఫీకి పిలిచారు. ఆయన కాఫీ అంటే నాకు అప్పటికే భయం పట్టుకుంది.

"మీ మేలు మరచిపోలేనండి. గోడ మీద ఒక్క పిట్ట లేదు" అన్నారు. "అందుకే పైవాళ్లు అడుగుతున్నారండి. పిట్టలే లేనప్పుడు పిట్టల్ని తోలే మనిషెందుకూ అని."

చూశారా న్యాయం! పిట్టలు ఉంటే ఉద్యోగం పోతుందన్నారు. పోతే, పోయాయి గనుక ఉద్యోగం పోతుందంటున్నారు. నాకు ఒళ్లు మండింది. కాఫీ కప్పు ఠక్కున బల్ల మీద పెట్టాను.

"సార్, పిట్టలు పోలేదు. వెనక్కి జరిగాయి. అవి వెనక ఎందుకున్నాయో తెలుసా? రోజూ ఒక మనిషి అక్కడ నీళ్లు పోసి మట్టి తడిపి ఉంచుతున్నాడు కాబట్టి. ఆ మట్టి ఆరిందనుకోండి, ఎక్కడ తడి ఉంటే అక్కడికి పోతాయి. మీ షెడ్డులో నల్లాలు, కూలర్లు ఎన్ని కారుతున్నాయో మీకే తెలియాలి. మళ్లీ ఈ గోడకే వస్తాయి, ఈసారి నన్ను పిలవకండి."

ఆయన కిటికీలోంచి పంప్‌హౌస్ వైపు చూశారు. "ఆ నీళ్లు పోసేదెవరండీ?" అన్నారు.

"మీరు తీసేద్దామంటున్న మనిషే."

అలా భాయ్ నిలబడ్డాడు. కాగితాల్లో ఆయన ఉద్యోగం పిట్టల్ని తోలడం. చేసే పని వాటికి నీళ్లు పోయడం. ఆయన బంధువులెవరో అడిగితే "తోలేటోన్ని ఉంటి, ఇప్పుడు మేపేటోన్ని అయిన" అని చెప్పుకునేవాడట. కుర్చీ పంప్‌హౌస్ నీడకు మారింది. వాన పైపు వెనక గూటి పిల్లలు ఎగిరి పోయిన రోజు ఆయనే ఆ పెట్టె పలక విప్పించి, పంప్‌హౌస్ మూల పదిలంగా పెట్టుకున్నాడు. మళ్లీ ఎప్పుడన్నా అవసరం పడొచ్చు అన్నాడు.

ఎండలు ముదిరి, తగ్గి, మృగశిర వచ్చింది. కార్తె మొదటి రోజుల్లోనే కుండపోత. ఆ పొద్దున ఏదో సంతకం కోసం నేను మేనేజర్‌గారి గదిలో ఉన్నాను. ఆయన కిటికీ దగ్గర నిలబడ్డారు. బయట ఎక్కడ చూసినా నీళ్లే, ఎక్కడ చూసినా బురదే. ఏ పిట్టకైనా ఎన్ని ఇళ్లకైనా చాలేంత బురద. ఆ వానలో భాయ్ ఒక చేత్తో చిరిగిన గొడుగు, ఇంకో చేత్తో బకెట్టు పట్టుకుని, మోకాలు ఈడ్చుకుంటూ పోయి, నిండి పొర్లుతున్న గుంటలో శ్రద్ధగా నీళ్లు పోస్తున్నాడు.

మేనేజర్‌గారు చూస్తూనే ఉన్నారు.

"మేడమ్‌గారూ, వానలో కూడా పోయాలాండీ?"

"పోయాలి సార్" అన్నాను. "అలవాటు తప్పకూడదు."

"పిట్టలకా?"

నేను సంతకం కావలసిన కాగితం బల్ల మీద ముందుకు జరిపాను. ఆయన నా మొహం చూశారు, మళ్లీ కిటికీ వైపు తిరిగారు. బయట భాయ్ ఖాళీ బకెట్టు బోర్లించి, గొడుగు సరిచేసుకుని, సజ్జ కింద గూళ్ల వైపు తలెత్తి ఏదో చెబుతున్నాడు.

"సరేనండి" అన్నారు మేనేజర్‌గారు, బల్ల దగ్గరికి వచ్చి కాగితం మీద సంతకం పెడుతూ. "ఆ చిరిగింది పారేసి, రేపటినుంచి మన ఆఫీసు గొడుగు తీసుకోమనండి."